నేరేడు చెట్టుకు పోయిన నీళ్లు

మా అత్త అనంతమ్మ కూర్చోగా నేను చూడలేదు. అన్నం కూడా నిలబడే తింటుంది. గిన్నె ఎడమ చేతిలో పట్టుకుని రెండు ముద్దలు తిని, గేటు దాకా పోయి రోడ్డు చూసి, వెనక్కి వచ్చి మూడో ముద్ద తింటుంది. పెళ్లయిన కొత్తలో, నా వంట నచ్చక ఇట్లా చేస్తోందేమో అనుకుని చాటుగా ఏడ్చాను కూడా. తర్వాత తెలిసింది, ఈమె టీవీ నిలబడి చూస్తుందని, బస్సులో సీటు దొరికినా డ్రైవర్ వెనక కమ్మీ పట్టుకుని నిలబడుతుందని. కాలు కాలిన పిల్లి అంటారు గానీ, ఆ పిల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు పడుకుంటుంది.

నా పేరు నవత. మా తల్లిగారిది కోహీర్. జహీరాబాద్‌లో మా అత్తగారిల్లు పెద్ద రోడ్డుకు దగ్గరే, బొంబాయి వైపు పోయే లారీల చప్పుడు వంటింట్లోకి వినిపించేంత దూరం. మామ నర్సింగ్ ఆ లారీలే నడిపేవాడట. నేను వచ్చేసరికే ఆయన గోడ మీద ఫొటోలో ఉన్నాడు. ఆయన లోడు వేసుకుని పోతే ఎప్పుడొస్తాడో తెలిసేది కాదని, హారన్ వినిపించినప్పుడల్లా అమ్మ గేటు దగ్గరికి పరిగెత్తేదని, అట్లా నిలబడడం అలవాటైందని మా ఆయన రాకేశ్ అంటాడు. ఏమో, నాకైతే ఆమె తల్లి కడుపులో కూడా నిలబడే ఉందని అనుమానం.

ఆమె తిరుగుడంతా నీళ్ల కోసమే. తేవడానికి కాదు, ఇంట్లో వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో చూడడానికి. పుట్టింది రాయికోడ్ పక్కన ఒక పల్లెలో. ఆ ఊరి బావి ఎండాకాలం వస్తే గిన్నె ముంచేంత కూడా ఊరేది కాదట. వాళ్లింట్లో నీళ్లు ఒక్కసారి వాడి పారబోయడమంటే తప్పు పని. బియ్యం కడిగినవి బర్రెకు, బోళ్లు కడిగినవి చిక్కుడు పాదుకు, స్నానం చేసినవి మునగ చెట్టుకు. ఈ పద్ధతి ఆమె ఒంట్లో ఎట్లా నాటుకుందంటే, నేను పప్పు కడిగి సింకులో ఒంపితే, పక్క గదిలో ఉన్నది పక్క గదిలోనే "అయ్యో" అంటుంది. చెవులు ఎట్లా పని చేస్తాయో దేవుడికే తెలియాలి.

ఇల్లు కట్టిన ఏడాది కరువట. అప్పుడే మామ లారీలో పెట్టుకుని హుమ్నాబాద్ వైపు నుంచి ఒక నేరేడు మొక్క తెచ్చాడు. బాత్రూంకూ గేటుకూ మధ్య నాటారు. ఇంటికి నీళ్లే ట్యాంకరు పోస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మొక్కకు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకని మా అత్త ఒక ఉపాయం చేసింది. ఆ సంగతి చాలా ఏళ్ల వరకు మాకెవరికీ పట్టలేదు. ఈ సంవత్సరం పట్టింది, గట్టిగానే పట్టింది.

మాఘమాసంలో మొదలైంది. నాకు అప్పుడు ఏడో నెల. మొదటి బిడ్డ పూజిత మా తల్లిగారింట్లో పుట్టింది, రెండో కాన్పు ఇక్కడే అనుకున్నాం. ఒకరోజు పొద్దున లెట్రిన్‌లో నీళ్లు పోస్తే దిగడం లేదు. పైకి వచ్చి, ఆలోచించుకుని, మెల్లగా దిగాయి. మరుసటి రోజు లోపల గుడగుడమని చప్పుడు. ఆ తర్వాత స్నానాల గదిలో జాలీ నుంచి నల్లటి నీళ్లు పొంగి నా కాళ్ల మీదికి వచ్చాయి. కడుపుతో ఉన్న మనిషిని, ఆ వాసనకు అక్కడే వాంతి చేసుకున్నాను.

సెప్టిక్ ట్యాంకు నిండిందన్నాడు రాకేశ్. బండిని పిలిపించి ట్యాంకు ఖాళీ చేయించాం. వాడకట్టంతా ముక్కులు మూసుకుని మమ్మల్ని తిట్టుకుంది. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ గుడగుడ. యాసిడ్ పోశాం. పక్కింటి రాజ్యలక్ష్మి గారు మైలుతుత్తం పోయమంటే అదీ పోశాం. ఆమెది భీమవరం, భర్త వెంకటేశ్వరరావు గారు ట్రాక్టర్ల కంపెనీలో ఇంజినీరు. మంచి మనిషి, కానీ సలహా ఇస్తే అది పని చేసిందో లేదో రోజూ అడుగుతుంది.

చివరికి నేను వాళ్లింటికి పోవలసి వచ్చింది. ఏడో నెల కడుపుతో ఎన్నిసార్లు పోవలసి ఉంటుందో ఆడవాళ్లకు చెప్పనవసరం లేదు. ప్రతిసారీ వాళ్ల గేటు తీయడం, వాళ్ల కుక్క మొరగడం, "రా అమ్మాయ్, మొహమాటం ఎందుకూ, మన ఇల్లే అనుకో" అని ఆమె అనడం. ఆమె అంత మంచిగా అన్న కొద్దీ నాకు తల కొట్టేసినట్టుండేది. మా అత్త నా వెంటే వచ్చి, వాళ్ల గేటు బయట నిలబడేది. నేను బయటికి వచ్చేదాకా అక్కడే. లోపలికి రమ్మంటే రాదు.

"ఎందుకత్తమ్మా, నేనేమన్న చిన్నపిల్లనా? ఇంటికి పో" అన్నాను ఒకసారి.

"మెట్లు ఎత్తున్నయ్. జారితే?" అంది.

ఇంట్లో ఉన్నంతసేపూ ఆమెకు వేరే పని లేకుండా పోయింది. ఛాంబర్ మూత తీసి చూడడం, వెదురుకట్ట పెట్టి పొడవడం, మూత పెట్టడం, మళ్లీ తీయడం. ఎవరైనా చెంబు ఎత్తితే చాలు, బాత్రూం తలుపు దగ్గరికి వచ్చి చెవి పెట్టి వినేది. ఆ గుడగుడ ఆమెకూ నాకూ ఇద్దరికీ ఒంట్లోకి ఎక్కింది. కూర గిన్నె ఉడుకుతున్నా నేను ఉలిక్కిపడేదాన్ని.

అప్పుడు రాకేశ్ బీదర్ రోడ్డు నుంచి మల్లికార్జున్ అనే అతన్ని తీసుకొచ్చాడు. పైపుల్లోకి పొడుగాటి స్ప్రింగు తీగ పంపి తిప్పే మిషను ఉంది అతని దగ్గర. ఛాంబర్ వైపు నుంచి తీగ పంపాడు. కొంత దూరం పోయి ఆగింది. మిషను మూలిగింది, తీగ మెలి తిరిగింది, అతను కాలు గోడకు తన్ని పట్టి లాగాడు. ఏదో బయటికి వచ్చింది. మొదట పాము అనుకుని వెనక్కి గెంతాను. పాము కాదు, వేళ్లు. సన్నటి వేళ్లు జడలాగా అల్లుకుపోయి, అచ్చం పెళ్లికూతురికి పెట్టే సవరంలాగా ఉన్నాయి. లాగిన కొద్దీ వస్తూనే ఉన్నాయి.

"చెట్టుది అవ్వా. పైపు లోపలంతా నిండిపోయింది. ఇప్పుడు తీసినా మళ్లీ వస్తది. చెట్టు కొట్టేయాల, వేరే తొవ్వ లేదు" అన్నాడు మల్లికార్జున్.

అందరం నేరేడు చెట్టు వైపు చూశాం. అప్పుడు మాఘంలో కూడా పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. ఉండదా మరి, మా ఇంటి నీళ్లన్నీ తాగి!

"గట్టి సిమెంటు గొట్టాలు గదా, లోపలికి ఎట్ల పోయినయ్?" అన్నాడు రాకేశ్.

మా అత్త కొంగుతో మెడ తుడుచుకుంది. "నేనే ఒక జాయింటు కట్టకుండ్రి అన్న" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమే చెప్పింది, దాచుకోవలసిన విషయమేమీ కాదన్నట్టు. ఇల్లు కట్టేటప్పుడు బాత్రూం నుంచి గొట్టాలు మొక్క పక్క నుంచే పోయాయి. మొక్క ఎదురుగా వచ్చే జాయింటుకు సిమెంటు పెట్టొద్దని మేస్త్రీతో చెప్పింది. స్నానం నీళ్లు కొన్ని అక్కడ కారి మొక్కకు పోవాలని. ఆ కరువులో అది బతికిందంటే అట్లానే బతికింది. చెట్టయి కాయలు కాసి, వాడకట్టులో షుగర్ ఉన్న ప్రతి ముసలాయనకూ గింజల పొడి పంచిందంటే అట్లానే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే నువ్వే తలుపు తీసి పిలిచినవా దాన్ని?"

"పిలిచిన. అప్పుడు దాంట్ల తానాల నీళ్లే పోతుండె. లెట్రిన్ ఎనక ఉండె, దానికి గుంత వేరే ఉండె" అంది.

రాకేశ్ నేల చూపులు చూశాడు. మా పెళ్లప్పుడు కొత్త కోడలు వెనకకు పోవాలంటే బాగుండదని, గదికి ఆనుకుని లెట్రిన్ కట్టించింది అతనే. దగ్గర పడుతుందని దాని పైపును ఆ పాత గొట్టాలకే కలిపించాడు. అమ్మను అడగలేదు. అడగాలని ఎవరికి తోస్తుంది? నేను సుఖంగా ఉండాలని కట్టిందే నన్ను పక్కింటి గేటు దగ్గర నిలబెట్టింది.

"ఆదివారం కొట్టేద్దాం. మనిషిని చూస్త" అన్నాడు రాకేశ్. నేను సరే అన్నాను. సరే అనడమేంటి, ఈ రోజే ఎందుకు కాదన్నాను. నా కాన్పు దగ్గర పడుతోంది, నాకు ఇంట్లో లెట్రిన్ కావాలి. చెట్టు ఎవరికి కావాలి?

మా అత్తకు కావాలి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు చిరాకు పుట్టించింది. కొట్లాడితే నేనూ కొట్లాడేదాన్ని. ఆ మూడు నాలుగు రోజులు ఆమె నిలబడి కూడా తినలేదు. గిన్నె చేతిలో పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగి, అన్నం పిట్టలకు వేసి వచ్చేది. చెట్టు మొదట్లో మట్టిని కాలితో కదిపి చూసేది, కొమ్మ వంచి చూసేది, వదిలేసేది. ఆమె చెప్పుల టపటప వింటూ పడుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. కడుపులో బిడ్డ కూడా ఆమె చప్పుడుకే కదులుతున్నట్టుండేది.

"మామ తెచ్చిండనేనా అత్తమ్మా?" అని అడిగాను చివరికి.

"ఆయన తెచ్చి పెట్టి పోయిండు. ఆయనదేంది అందుల?" అని విసుక్కుంది. "ఈ ఇంట్ల నేను పోసుకున్న తానం నీళ్లు, రాకేశ్‌గానికి పోసిన నీళ్లు, అన్ని దానికి పోయినయ్. ఒక్క చెంబు కూడ మోరీల పోలె. అది నా చేతి పని నవతా. ఇంకేం జేసిన నేను బతుక్కి?"

ఆమె మీద జాలేసింది. కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకేసారి ఉంటాయని అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున మల్లికార్జున్ పాత గొట్టాలు తవ్వడానికి ముందుగా వచ్చాడు. చెట్టు కొట్టే మనిషి ఇంకా రాలేదు. టీ పెట్టి బయటికి తెస్తుంటే గడ్డపార చప్పుడు వినిపించింది. చూస్తే మా అత్త. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, గోడ పక్కన తవ్వుతోంది. చెట్టు దగ్గర కాదు, ఆ చివర తులసి గద్దె ఉన్న మూల.

"అమ్మా, ఏం జేస్తున్నవ్?" అని రాకేశ్ పరిగెత్తాడు.

"చెట్టు జరగదు. పైపు జరుగుతది" అంది, తవ్వుతూనే.

మల్లికార్జున్ గోడ వెంట నడిచి చూశాడు. "పోతది అవ్వా. కొంచెం చుట్టు తిరుగుతది గానీ వాలు సరిపోతది. కానీ తులసి అడ్డం ఉంది."

"అది ఈశాన్యం మూల!" అన్నాడు రాకేశ్. "దేవుని మూల నుంచి లెట్రిన్ పైపు పోనిస్తరా ఎవరన్న? నువ్వే గదా, ఆ మూల చెప్పులు ఇడిస్తే కొట్టొచ్చే దానివి!"

నిజమే. ఆ మూలలో పూజిత ఒకసారి ముక్కు చీదిందని ఇల్లంతా నీళ్లు చల్లించింది ఈమె. రోజూ పొద్దున ఆ తులసికి దీపం పెట్టనిదే టీ ముట్టదు. ఇప్పుడు ఆ గద్దె ముందు నిలబడి, చేతులు జోడించి, ఏదో గొణిగింది. తర్వాత వంగి, మట్టితో సహా తులసిని పెకలించి, ఖాళీ పెయింటు డబ్బాలో పెట్టి, నా చేతికి ఇచ్చింది.

"మిద్దె మీద పెట్టు. అక్కడ ఎండ మంచిగుంటది. ఆ తల్లి ఏమనదు, ఆమె కూడ నీళ్లతోనే బతుకుతది."

డబ్బా పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను. అందరూ నా వైపు చూస్తున్నారు. నేను కాదంటే కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. "ఒక్క షరతు" అన్నాను. "కొత్త పైపుకు ఒక్క చుక్క కారొద్దు. మళ్లొకసారి గుడగుడ అన్నదంటే చెట్టు పోవాలె, నువ్వు అడ్డం రావొద్దు."

"ఒక్క చుక్క కారదు" అంది. మల్లికార్జున్ పీవీసీ పైపులకు గమ్ము రాసి బిగిస్తుంటే, ఒక్కొక్క జాయింటు మీదికీ ఆమే వంగి చూసింది. ఒకదానికి రెండోసారి రాయించింది కూడా. స్నానాల నీళ్లు కూడా కొత్త పైపులోకే కలిపి, పాత గొట్టాల్లో దూరిన వేళ్లను నరికి, రెండు మూతులూ సిమెంటుతో మూసేశారు. చెట్టు కొట్టే మనిషి గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి, టీ తాగి వెళ్లిపోయాడు.

మా ఇంట్లో నీళ్లు గలగలమని దిగాయి. రాజ్యలక్ష్మి గారి కుక్కకు నాతో పని తప్పింది. ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను, అందులో దాపరికం లేదు.

చైత్రం వచ్చేసరికి నేరేడు ఆకు పాలిపోయింది. ప్రతి ఏడూ ఆ రోజుల్లో పూతకు తేనెటీగలు మూగి, గేటు దగ్గరికి పోవడానికి పిల్లలు భయపడేవారు. ఈసారి పూత వచ్చినట్టే వచ్చి రాలిపోయింది. ఇన్నేళ్లు పొద్దునా సాయంత్రమూ ఇంటి నీళ్లు తాగిన చెట్టు, ఒక్కసారిగా నోరు ఎండబెట్టుకుంది. మా అత్త బియ్యం నీళ్లు, కూరగాయల నీళ్లు తీసుకుపోయి పోసేది. అంత చెట్టుకు అవి ఏ మూలకు? నల్లా అసలే ఎండాకాలం సరిగ్గా రాదు. స్నానం నీళ్లు తొట్టిలో పట్టి బకెట్లతో మోయడం మొదలుపెట్టింది. బకెట్ గుమ్మానికి తగిలిన చప్పుడు, తర్వాత తొణికిన చప్పుడు, తర్వాత ఆమె ఆయాసం.

"జారి పడితే నీకెవరు చేయాలె, నాకెవరు చేయాలె?" అని అరిచాను.

"ఊకో, నీకు నెలలు నిండినయ్, అరవకు" అని ఇంకో బకెట్ ఎత్తింది. ఒక్కసారి కూడా పైపు మాట ఎత్తలేదు. మాట ఇచ్చింది కదా. నేనే ఆ చెట్టు వైపు చూడకుండా గేటు దాకా పోవడం నేర్చుకున్నాను.

కాన్పు దవాఖానలో సుఖంగానే అయింది, మళ్లీ ఆడపిల్ల. ఇంటికి వచ్చాక బిడ్డకు నీళ్లు పోయాలి. పూజితకు మా అమ్మ కోహీర్‌లో పోసింది. ఈసారి మా అత్త పోయాలి. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, పిండి రుద్ది, చెంబులతో పోయాలి. ఈ మనిషి కూర్చోగలదా అని నాకు బెంగ. మధ్యలో గేటు చప్పుడైతే బిడ్డతో సహా లేచిపోతుందేమో!

కాగులో నీళ్లు వేడెక్కాయి. పీట బాత్రూంలో వేసింది. నేను బిడ్డను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. లోపలి జాలీ చూశాను. ఈ కాగెడు నీళ్లూ బిడ్డ ఒంటి మీది నుంచి ఆ జాలీలో పడి, కొత్త పైపులో గలగలా పోయి, ట్యాంకులో కలిసిపోతాయి. నేను పెట్టిన షరతే. ఒక్క చుక్క కారదు. వెనక్కి తిరిగి చెట్టు వైపు చూశాను.

"అత్తమ్మా, పీట బయటికి తే. చెట్టు కింద వెయ్యి" అన్నాను.

ఆమె నా వైపు అనుమానంగా చూసింది. "బయటనా? గాలి తగలదా?"

"ఎండాకాలం. ఏం గాలి?"

చూడడానికి వచ్చిన రాజ్యలక్ష్మి గారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "అదేంటమ్మాయ్, పసిగుడ్డుని ఆరుబయటా? దిష్టి తగలదూ!" అంటూనే నా పాత చీర తెచ్చి, ఒక చెంగు కొమ్మకు కట్టి, రెండో చెంగు తనే పట్టుకుని తెరలాగా నిలబడింది. మంచి మనిషి అని చెప్పాను కదా.

మా అత్త చెట్టు మొదట్లో పీట వేసి కూర్చుంది. చీర మోకాళ్ల దాకా లాక్కుని కాళ్లు చాపింది. బిడ్డను కాళ్ల మీద బోర్లా వేశాను. ఇంటి నీళ్లలో బతుకంతా నానిన ఆ చేతులు బిడ్డ వీపు మీద మెల్లగా తిరిగాయి. నేను చెంబుతో ముంచి పోశాను. నీళ్లు బిడ్డ మీది నుంచి ఆమె పిక్కల మీదికి, అక్కడి నుంచి మట్టిలోకి జారాయి. బిడ్డ కెవ్వుమంది. రోడ్డు మీద లారీ పెద్దగా హారన్ కొట్టింది. మా అత్త తల తిప్పలేదు.

కాగు ఖాళీ అయింది. బిడ్డను తుడిచి లోపలికి తీసుకుపోయి, సాంబ్రాణి పొగ వేసి, పాలిచ్చి పడుకోబెట్టాను. రాజ్యలక్ష్మి గారు చీర మడిచి ఇచ్చి వెళ్లిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. చెప్పుల చప్పుడు లేదు, బకెట్ చప్పుడు లేదు. భయమేసి బయటికి వచ్చాను. ఆమె అట్లానే కూర్చుని ఉంది, తడి మట్టిలో కాళ్లు చాపుకుని.

"ఏమైంది అత్తమ్మా? నడుం పట్టిందా? లేపాల్నా?"

"ఏం గాలె. జర ఆగు" అంది, నేల వైపు చూస్తూ. "నీళ్లు ఇంకుతున్నయ్."

లోపలికి పోయి గిన్నెలో అన్నం, పప్పు కలిపి తెచ్చి చేతికి ఇచ్చాను. కూర్చునే తిన్నది.